అరబ్బు దేశాల ఓపెన్ డేటా: పెట్టినది, అడిగినది

గత నెల ఒక గల్ఫ్ దేశపు ప్రవాస కార్మికుల పట్టికను ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నాను. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ కావడంతో ప్రతి అంకెనూ చేత్తో కొట్టవలసి వచ్చింది. రెండు గంటలు గడిచినా కూడిక కుదరలేదు. హైదరాబాద్‌లో అరబ్బు మూలాలున్న కుటుంబాలు ఉండే బార్కస్‌లోని మిత్రుడికి చూపిస్తే వెంటనే పట్టేశాడు: ఆ అరబ్బీ అంకెల్లో మన సున్నలా గుండ్రంగా కనిపించేది ఐదు, సున్నను చిన్న చుక్కగా రాస్తారు. నేను ఐదులన్నిటినీ సున్నలుగా ఎక్కించాను. అదే పట్టికను సీఎస్‌వీ ఫైలుగా, అంటే కంప్యూటరు నేరుగా చదవగలిగే పట్టికగా, పెట్టి ఉంటే ఈ పొరపాటుకు చోటే ఉండేది కాదు. ప్రభుత్వ లెక్కలను ఇలా ఎవరైనా వాడుకునేలా పెట్టడాన్నే ఓపెన్ డేటా అంటారు.

మాది హైదరాబాద్‌లోని టోలీచౌకి. గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు మా వీధిలో అరుదు కాబట్టి, అక్కడి ప్రభుత్వాల లెక్కలు నాకు పరాయివి కావు.

అరబ్బు దేశాల్లో సమాచార హక్కు చట్టాన్ని మొదట తెచ్చినది జోర్డాన్, 2007లో. ట్యునీసియా విప్లవం తరువాత ఆ హక్కును 2014 రాజ్యాంగంలోనే చేర్చి, 2016 చట్టంతో అప్పీళ్లు వినే స్వతంత్ర సంస్థకు కూడా చోటు కల్పించింది. నా దృష్టిలో వీటన్నిటిలోనూ బలమైన అడుగు అదే. మొరాకో చట్టం 2018లో వచ్చింది. గల్ఫ్‌లో వరుస వేరు. అక్కడ డిజిటల్ ఆర్థిక వ్యవస్థ కోసం ప్రభుత్వాలే పూనుకొని ముందుగా పోర్టళ్లను, అంటే లెక్కలు పెట్టే వెబ్‌సైట్లను, నిర్మించాయి. దుబాయ్ 2015లోనే డేటా ప్రచురణకు, పంపిణీకి ప్రత్యేక చట్టం చేసింది. కువైట్‌లో సమాచార హక్కు చట్టం 2020లో, ఖతార్‌లో 2022లో వచ్చాయి. ప్రభుత్వ సేవలు ఆన్‌లైన్‌లో ఎంత బాగా అందుతున్నాయో చూసే ఐక్యరాజ్యసమితి 2024 ఈ-గవర్నమెంట్ సూచీలో సౌదీ అరేబియా ప్రపంచంలోనే 6వ స్థానంలో నిలిచింది. అది చిన్న విజయం కాదు.

అయినా పోర్టల్‌లో దొరికేది ప్రభుత్వం పెట్టదలచుకున్నది మాత్రమే. పెట్టనిదాన్ని రాబట్టాలంటే అడిగే హక్కు ఉండాలి. మన దేశంలో ప్రజలు పోరాడి సాధించుకున్న సమాచార హక్కు చట్టం 2005లో ముందు వచ్చింది. ప్రభుత్వ డేటాను ప్రజలతో పంచుకునే జాతీయ విధానం 2012లోనూ, తెలంగాణ ఓపెన్ డేటా విధానం 2016లోనూ ఆ తరువాత వచ్చాయి. మా వీధివాళ్లు నన్ను అడిగేది ర్యాంకుల గురించి కాదు: జీతం బకాయిలపై ఎన్ని ఫిర్యాదులు అందాయి, ఎన్ని తేలాయి, ఏ రంగంలో మనవాళ్లు ఎందరున్నారు అని.

సరిచేసిన పట్టికను తెలుగు శీర్షికలతో, ఏ తేదీ నాటి లెక్కో కూడా రాసి, ఈ వారం ఇక్కడే సీఎస్‌వీగా పెడుతున్నాను. ఆ పది అంకెలను గుర్తుపట్టే చిన్న పట్టీని కూడా జత చేస్తాను.