గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గిందా? పోసే ముందు ఒక్కమాట

ఇంజన్ ఆయిల్ కొద్దికొద్దిగా కాలిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో పోస్తుంటాం. గేర్‌బాక్స్ ఆయిల్ అలా ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే పళ్లెం) గ్యాస్కెట్, యాక్సిల్ సీళ్లు, కూలర్ పైపుల అతుకులు ముందు చూడండి. లీకు వదిలేసి నెలనెలా పోసుకుంటూ పోతే ఏదో ఒకరోజు పంపు గాలి పీల్చి, లోపలి క్లచ్‌లు మాడతాయి.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న ఆటోమేటిక్ అయితే 15-20 నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజన్ ఆపొద్దు. బ్రేకు తొక్కిపట్టి లివర్‌ను పార్క్ నుంచి ఒక్కో గేరులో రెండు మూడు క్షణాలు ఉంచుతూ కిందిదాకా తీసుకెళ్లి, మళ్లీ పార్క్‌లోకి తెండి. ఇలా చేస్తే లోపలి దారులన్నీ ఆయిల్‌తో నిండుతాయి. డిప్‌స్టిక్ తీసి, నూగు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా దింపి మళ్లీ తీసి చూడండి. రెండు వైపులా మట్టం వేరుగా కనిపిస్తే తక్కువది నమ్మండి. కొన్ని కార్లలో, ముఖ్యంగా హోండాల్లో, ఇంజన్ ఆపిన వెంటనే చూడాలి. మీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే.

డిప్‌స్టిక్ మీద వేడి ఆయిల్‌కో గుర్తు, చల్లటి ఆయిల్‌కో గుర్తు వేరుగా ఎందుకంటే, ఈ ఆయిల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వేడి గుర్తుదాకా పోస్తే, నడిచాక అది ఎక్కువైపోతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగతో ప్రెషర్ నిలవదు. గేర్లు జారతాయి, వేడెక్కుతుంది, బ్రీదర్ (గాలి పోయే గొట్టం) నుంచి బయటికి కక్కుతుంది. చూశారా, తక్కువైనా ఎక్కువైనా లక్షణాలు దాదాపు ఒకటే! అందుకే సన్నటి పొడుగు గరాటుతో పావు లీటరు చొప్పున పోసి, ప్రతిసారీ చూసుకోండి. చాలా కార్లలో కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య పట్టేది అర లీటరే.

రంగు, వాసన కూడా చూడాలి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. గోధుమరంగు పాతబడిందని చెబుతుంది. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్‌లు అరిగాయి. పాలు కలిపినట్టు గులాబీగా ఉంటే నీళ్లో కూలెంటో కలిసింది. అప్పుడు బండి కదపకండి.

డిప్‌స్టిక్ లేని సీల్డ్ గేర్‌బాక్స్‌లో లెవెల్ బోల్ట్ విప్పి, ఎక్కువైన ఆయిల్‌ను కారనిచ్చి చూస్తారు. ఆయిల్ ఉష్ణోగ్రత కంపెనీ చెప్పిన హద్దులో ఉండాలి. చాలావాటిలో అది 35-45 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే వేడిగా ఉంటే అవసరమైనది కూడా కారిపోతుంది. ఆ ఉష్ణోగ్రత చూపించే స్కానర్ లేకపోతే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దనే నా సలహా.

ఆయిల్ మార్చేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు మాన్యువల్‌లోని మొత్తం కొలత పోసేయడం. డ్రెయిన్ బోల్ట్ విప్పితే సగం కూడా రాకపోవచ్చు; మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం), కూలర్‌లో ఉండిపోతుంది. 8 లీటర్లు పట్టే గేర్‌బాక్స్ నుంచి మూడున్నర వచ్చిందా, మూడున్నరే పోయండి. అందుకే పాత ఆయిల్ పారబోయకముందే కొలవాలి. పాన్ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్ట్ మామూలే, లోహపు ముక్కలు మాత్రం కాదు.

మాన్యువల్ గేర్‌బాక్స్ సులువు. పక్కనున్న ఫిల్లర్ బోల్ట్ (ఆయిల్ పోసే చోటి బోల్ట్) రంధ్రం కింది అంచుదాకా ఆయిల్ ఉంటే చాలు. డ్రెయిన్ కంటే ముందు ఫిల్లర్ విప్పండి. అది బిగుసుకుపోయి రాకపోతే, ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి అక్కడే నిలబడిపోతుంది. పైగా కారును నాలుగు వైపులా సమానంగా లేపాలి, స్టాండ్ల మీదే ఉంచాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

ఏ ఆయిల్ అన్నది రంగు చూసి తేల్చేది కాదు. సీవీటీకి (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) సీవీటీ ఆయిలే పోయాలి, మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారుతుంది. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగిన మాన్యువల్ గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే, అందులో ఎక్కువగా ఉండే గంధకం గేర్లు సాఫీగా మారేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేయొచ్చు. డబ్బా మీద మీ మాన్యువల్‌లోని స్పెసిఫికేషన్ కనిపించకపోతే మూత తీయకండి.