వాన పడింది 18నా, 19నా?

పొద్దున బస్సు దిగేసరికి సన్నగా తుంపర. శేషాచలం కొండలు సగం దాకా మబ్బులో ఉన్నాయి. వాన లెక్కలు నేర్పే రోజున వాన పడితే నాకు భలే సంతోషం.

తిరుపతిలో వాతావరణ డేటా శిక్షణలో ఇది మూడో రోజు. ఇరవై మంది పైనే ఉన్నారు, కొందరు ఎమ్మెస్సీ, కొందరు ఈ ఏడే పీహెచ్‌డీలో చేరినవాళ్ళు. ఒకబ్బాయికి సగటు వర్షపాతం మైనస్‌లో వచ్చింది. కొలత లేని చోట వాతావరణ శాఖ ఫైల్లో -999 అని ఉంటుంది, దాన్నీ వానలో కలిపేశాడు. ఇంకొకరి గ్రాఫ్ నేలకు అంటుకుపోయింది. ఈఆర్‌ఏ5 అనే డేటాలో వాన మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణిస్తే గానీ మిల్లీమీటర్లు కావు. ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేవే ఇవి, చెప్పగానే దిద్దుకున్నారు.

మధ్యాహ్నం 2021 నవంబర్ వరద తీసుకున్నాం. మ్యాపును గళ్ళుగా విడగొడితే తిరుపతి పడే గడికి రెండు డేటాలూ పక్కపక్కన గీయమన్నాను. ఒకటి వాన కొలతల నుంచి వాతావరణ శాఖ తయారుచేసినది, 1901 నుంచి రోజువారీగా ఉంది. రెండోది యూరప్ వాళ్ళు కొలతలకు కంప్యూటర్ మోడల్ కలిపి తయారుచేసిన ఈఆర్‌ఏ5, 1940 నుంచి గంటగంటకూ ఉంది.

వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, పెద్ద వాన ఈఆర్‌ఏ5లో 18న ఉంది, వాతావరణ శాఖ దాంట్లో 19న ఉంది. ఏది కరెక్టు?"

పక్కనున్నతను వెంటనే, "ఈఆర్‌ఏ5లో మోడల్ కలుస్తుంది కదా, తప్పు దానిదే" అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. "కాదు, 18, గురువారమే. మా ఇల్లు స్వర్ణముఖి పక్కనే. అప్పుడు నేను ఇంటర్. పుస్తకాలన్నీ అటక మీదికి ఎక్కించాం" అంది. స్క్రీన్ మీద 18 దగ్గర పెట్టిన వేలు తియ్యలేదు.

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. వాళ్ళలో చాలామంది ఆ వానలో తడిసినవాళ్ళే.

బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత గీశాను. మన దగ్గర రెయిన్ గేజ్ చూసేది పొద్దున 8:30కి. అంతకుముందు 24 గంటల్లో పడిన వానంతా చూసిన రోజు తేదీ కింద రాస్తారు. అందుకే గురువారం మధ్యాహ్నం కురిసింది శుక్రవారం, అంటే 19 ఖాతాలో పడింది. ఈఆర్‌ఏ5 గంటలేమో గ్రీనిచ్ సమయంలో ఉంటాయి. దాని 18వ తేదీ మనకు గురువారం పొద్దున 5:30కి మొదలై శుక్రవారం 5:30కి ముగుస్తుంది. రెండూ తప్పు కాదు, ఒక్కొక్కటీ రోజును ఒక్కోచోట తెంచుతోంది. గ్రీనిచ్ 3 గంటల నుంచి, అంటే మన పొద్దున 8:30 నుంచి, మర్నాటి 3 గంటల దాకా కూడి, ముగిసే రోజు తేదీ వేసి చూడమన్నాను. రెండు గ్రాఫుల్లోనూ వాన ఒకే తేదీకి వచ్చి నిలబడింది.

గ్రాఫుల ఎత్తులు, అంటే ఎంత వాన అన్నది మాత్రం కలవలేదు, కలవవు కూడా. పావు డిగ్రీ గడి అంటే ఒక్కో పక్క సుమారు 27 కిలోమీటర్లు. అంత గడిలో కొండ మీది తిరుమలకూ, కింద మన ఊరికీ కలిపి ఒకటే అంకె వస్తుంది. శ్రీవారి మెట్టు దారిని దెబ్బతీసిన వాన ఆ సగటులో కనపడదు. దీని గురించి ఇంకాసేపు మాట్లాడాలనుకున్నా గానీ టైమ్ చాలలేదు. ఊళ్ళో మా అమ్మమ్మ వానను ఎప్పుడూ "దుక్కి పదును" అనే కొలిచేది. అది ఆమె చేనికి మాత్రమే చెల్లే కొలత. ఈ పిల్లలకు నేను అలవాటు చేయాలనుకుంటున్నదీ అదే. ఏ అంకె చూసినా, ఇది ఎంత నేలది, ఏ గంట నుంచి ఏ గంటదాకా అని ముందు అడగాలి. కోడ్ రాయడం వాళ్ళకు ఎలాగూ వచ్చేస్తుంది.

టీ టైంలో ఆ అమ్మాయి వరండాలో ఫోన్లో మాట్లాడుతోంది. "అమ్మా, ఆ రోజు నీళ్ళు వాకిట్లోకి ఎన్నింటికి వచ్చాయే?" తర్వాత వచ్చి నోట్సు చూపించింది. కోడ్ పక్క ఖాళీలో పెన్సిల్‌తో, "వాకిట్లోకి నీళ్ళు: దీపాలు పెట్టే వేళ. కరెంటు అప్పటికే లేదు" అని రాసుకుంది.

రేపు దీర్ఘకాల వాతావరణాన్ని లెక్కగట్టే క్లైమేట్ మోడళ్ళు మొదలు. వాటిలో చాలావాటి గడి 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. స్లైడ్లు సిద్ధంగానే ఉన్నాయి గానీ, మొదటి గంట వాటిని తెరవను. గంటల డేటా ముందు పెట్టి, ఆ దీపాలు పెట్టే వేళకు ముందు వాన ఎన్నిగంటలు కురిసిందో వెతకమంటాను.