బిగ్‌హార్న్ గొర్రెల స్వాబ్ పని: మూడో చలికాలం లాగ్

జనవరి, రెండో శనివారం

తెల్లవారుజామున నాలుగింటికి అమెరికాలోని బాయిసీలో బయల్దేరి ఆరున్నరకల్లా క్యాంపుకి చేరాను. మైనస్ 11 డిగ్రీలు. వాలంటీరుగా నాకిది మూడో చలికాలం. మొదటి ఏడాది ట్యూబుల మీద లేబుళ్లు రాశాను, రెండో ఏడాది గొర్రె పక్కన కూర్చుని టెంపరేచర్ చూశాను. ఈసారి మొదటిసారిగా ముక్కు స్వాబ్ నా చేతికిచ్చారు. వెటర్నరీ డాక్టరు పక్కనే నిలబడి చూశారు.

బిగ్‌హార్న్‌లంటే ఇక్కడి కొండల్లో తిరిగే అడవి గొర్రెలు. ఈ మందలోంచి 20 గొర్రెల్ని వేరే లోయకు తరలించాలని ప్లాన్. అక్కడ ఇప్పటికే చిన్న మంద ఒకటి ఉంది. కాబట్టి ముందు తేలాల్సింది ఒక్కటే: వీటి ముక్కుల్లో మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే ఉందా, లేదా? ఈ బ్యాక్టీరియా పెంపుడు గొర్రెల్లో, మేకల్లో మామూలుగా ఉంటుంది, వాటికి పెద్దగా ఏమీ కాదు. బిగ్‌హార్న్‌లకు సోకితే మాత్రం న్యుమోనియాతో మందలే కూలిపోతాయి. అడవి మందల్లో ఈ జబ్బుకూ దీనికీ సంబంధముందని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో చూపించారు. బిగ్‌హార్న్‌లకు దీనికి టీకా లేదు.

హెలికాప్టర్‌లోంచి వల తుపాకితో పట్టి, కళ్లకు గంతలు కట్టి, కాళ్లకు బంధం వేసి, సంచిలో వేలాడదీసి తెస్తారు. మ్యాట్ మీదకి దించగానే ఎవరూ మాట్లాడకూడదు. గొర్రెను పక్కకు పడుకోబెట్టరు, రొమ్ము మీదే కూర్చోబెట్టి తల పైకెత్తి పట్టుకోవాలి. లేకపోతే కడుపు ఉబ్బుతుంది, నెమరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టెంపరేచర్ 104 ఫారెన్‌హీట్ దాటితే పొట్ట కింద, తొడల సందుల్లో నీళ్లు చల్లాలి. 106 దాటితే మా క్యాంపులో ఏ శాంపిలూ తీయరు, వెంటనే వదిలేస్తారు.

స్వాబ్ వేసేటప్పుడు దాని ఊపిరి నా మణికట్టుకు వెచ్చగా తగిలింది. పుల్లను ముక్కు లోపలి గోడకు ఆనించి మెల్లగా తిప్పాలి, ముందున్న చీమిడి తుడిస్తే సరిపోదు. రెండు ముక్కుపుటాల్లోనూ తీయాలి. ఒంటిమీద పెంపుడు గొర్రెకున్నట్టు ఉన్ని పైకి కనిపించదు. బిరుసు వెంట్రుకలు, లోపల బోలుగా ఉంటాయట. గట్టిగా పట్టుకుంటే విరిగి గ్లవ్స్‌కి అంటుకుంటాయి.

మెడ నరం నుంచి రక్తం, చెవిలోంచి గజ్జి పురుగుల కోసం ఇంకో స్వాబ్, ఊపిరితిత్తుల పురుగుల కోసం గుప్పెడు పెంటికలు. మొత్తం 12 నిమిషాలు. రక్తం ట్యూబు వెంటనే ఐస్ బాక్సులో పెట్టకండి. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం (పసుపు నీరు) తీసేదాకా ట్యూబు చలికి మంచులా బిగుసుకుపోకూడదు, అందుకే నేను చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాను. స్వాబులు మాత్రం చల్లగానే ఉండాలి.

ఆదివారం

ఒక తప్పు చేశాను. తడి గ్లవ్స్‌తో లేబుల్ అంటించాను, సాయంత్రం సర్దేటప్పుడు రెండు ట్యూబులు పేర్లేకుండా కనిపించాయి. ఏది ఏ గొర్రెదో తేల్చే దారి లేదు, రెండూ పారేశాం. ఆ గొర్రెలు అప్పటికే కొండెక్కేశాయి. చాలా బాధేసింది. ఇకమీదట ఇంట్లోనే లేబుళ్లు అంటించి, పైన పారదర్శక టేపు చుట్టి, అదే నంబరు మూత మీద కూడా రాసుకుని వెళ్తాను. చలికి జెల్ పెన్ను పనిచేయదు, పెన్సిలే నయం.

ఫిబ్రవరి, మూడో వారం

రిజల్ట్స్ వచ్చాయి. ముక్కు స్వాబుల మీద పీసీఆర్ చేస్తారు, ఆ రోజు బ్యాక్టీరియా ఉందో లేదో చెబుతుంది. సీరం మీద ఎలీసా చేస్తారు, ఎప్పుడైనా సోకిందా అని యాంటీబాడీల ద్వారా చెబుతుంది. 28 గొర్రెల్లో పీసీఆర్ పాజిటివ్ ఒక్కటీ లేదు. కానీ మూడింటికి యాంటీబాడీలున్నాయి, ఒక ముసలి ఆడగొర్రె స్వాబు మాత్రం ఎటూ తేలలేదు.

తరలింపు ఆపేశారు.

ఇంట్లో చెబితే "ఒక్క గొర్రె కోసమా?" అన్నారు. ఆ ఒక్క గొర్రే అసలు సమస్య. కొన్ని గొర్రెలు బతికి బట్టకట్టాక కూడా ముక్కులో బ్యాక్టీరియాను ఏళ్ల తరబడి మోస్తాయి. రోజూ బయటికి వదలవు కాబట్టి ఒక రోజు నెగటివ్ వచ్చినంత మాత్రాన శుభ్రమని కాదు, మళ్లీ మళ్లీ తీయాలి. అలాంటిది ఒకటి కొత్త మందలో చేరితే ఏటా పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలు నిండకుండానే దగ్గుతూ పోతాయి. ఉటాలో ఆంటెలోప్ ఐలాండ్‌కి 1997లో బిగ్‌హార్న్‌లను తెచ్చి పెంచారు. వేరే చోట్లకు గొర్రెల్నిచ్చిన మంద అది. 2018లో న్యుమోనియా వచ్చి మొత్తం పోయింది. 2020లో మోంటానా నుంచి కొత్తవాటిని తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు.

మా తాత పాలమూరులో గొర్రెలు కాసేవాడు. సంతలో కొన్న గొర్రెను 15 రోజులు దొడ్డి బయటే కట్టేసేవాడు, పారుడు రోగం భయం. దగ్గు లేదని, మేత తింటోందని చూసుకున్నాకే మందలో కలిపేవాడు. కొండల్లో తిరిగే గొర్రెను అలా కట్టేసి చూడలేం కదా, అందుకే ఈ పుల్లలూ ట్యూబులూ.

జూన్, మొదటి ఆదివారం

ఆ ముసలి గొర్రెకు జనవరిలోనే జీపీఎస్ కాలర్ వేశారు, ఎక్కడుందో తెలుస్తోంది. ఎదురు కొండ మీద స్పాటింగ్ స్కోప్ పెట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాను. 19 ఆడగొర్రెలు, 11 పిల్లలు. పరుగెత్తి ఆగినప్పుడే దగ్గు బయటపడుతుంది కాబట్టి పిల్లలు రాళ్ల మీద ఆడుకునేటప్పుడు కన్ను తిప్పకుండా చూశాను. ఒక్కటీ దగ్గలేదు. ముసలిదాని పిల్ల పాలు తాగుతోంది, తోక ఊపుతోంది.

ఆగస్టు చివరిదాకా రెండు వారాలకోసారి వెళ్లి పిల్లల్ని లెక్కపెడతాను. డిసెంబరులో ముసలిదాన్ని మళ్లీ పట్టి స్వాబ్ తీస్తారు, డేట్ ఇంకా చెప్పలేదు. లేబుళ్లు మాత్రం ఇప్పుడే 60 సిద్ధం చేసి పెట్టుకున్నాను.