ఓవర్‌లోడ్ అన్నారు

యూఏఈలోని ఫుజైరా కొండల్లో మేం పగలగొట్టేది గాబ్రో, నల్లటి మొండి రాయి. ఎర్రగుంట్ల పక్క సున్నపురాయి క్రషర్ల మీద పనిచేసి వచ్చినవాణ్ణి నేను. క్రషర్‌లో రాయిని నమిలే దవడ పలకలు, అవే జా ప్లేట్లు, ఇంత తొందరగా అరుగుతాయని ఇక్కడికొచ్చినాకే తెలిసింది.

ఆ ప్లేట్లు మాంగనీసు ఉక్కువి. 1882లో ఇంగ్లండులో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ తయారుచేసిన రకం, మాంగనీసే 11 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. దెబ్బ పడేకొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉండి ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. దెబ్బ పడకపోతే మాత్రం గట్టిపడదు. ఖరీదైన ఉక్కు కదా అని మావాళ్లు ఇసుక జారే చ్యూట్‌లో కూడా అదే వేయించినారు. ఇసుక రాపిడికి చూస్తూండగానే బొక్కలు పడింది. దుడ్లు దండగ.

అయినా అరుగుదల నయం, ముందే కంటికి కనబడుతుంది. లోపల పగులు పట్టిన షాఫ్ట్‌తోనే, అంటే తిరిగే ఇరుసుతోనే చిక్కు. ఒకరోజు నైట్ షిఫ్టులో రాయి మోసే కన్వేయర్ బెల్టును చివర్న తిప్పే కప్పీ, అదే హెడ్ పుల్లీ, దాని షాఫ్ట్ పుటుక్కున తెగింది. వంగిందీ లేదు, సాగిందీ లేదు. ఫోర్‌మన్ వచ్చీ రాగానే తేల్చేసినాడు, ఆపరేటర్ ఓవర్‌లోడ్ చేసినాడని. ఆపరేటర్ మా రాజంపేట పిల్లోడే. "రోజూ ఏసేంతే ఏసినా అన్నా. నువ్వన్నా చెప్పన్నా" అని నా వెంట పడినాడు.

ముక్కను లైటు కింద పెట్టి చూసినాం. తెగిన ముఖంలో ముప్పాతిక భాగం నున్నగా ఉంది. దానిమీద ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు, ఎండాకాలం చెరువులో నీళ్లు దిగేకొద్దీ గట్టున మిగిలే గీతల మాదిరి. పగులు కొంచెం కొంచెంగా పాకిన గుర్తులవి. ఒక అంచున మాత్రం చిన్న గరుకు భాగం. ఆఖర్న ఒక్కసారిగా తెగింది అంతమేరే. బరువు ఎక్కువై తెగుంటే ఆ గరుకు భాగమే పెద్దగా ఉండాల. అంత కొంచెం ఉక్కు మిగిలేదాకా మోసిందంటే, మీద పడిన బరువు తక్కువనే అర్థం.

గీతల వెంబడి వెనక్కి పోతే, బేరింగ్ పక్కన షాఫ్ట్ లావు తగ్గే మెట్టు దగ్గర తేలినాం. అంతకుముందు లేత్ మీద తిప్పించినప్పుడు ఆ మూలను గుండ్రంగా వదలకుండా నిటారుగా కోసేసినారు. ఒత్తిడంతా ఆ మూలకే చేరుతుంది. షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టులోనూ అక్కడ ఒక లాగుడు, ఒక నొక్కుడు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1842లో వెర్సాయ్ దగ్గర రైలింజన్ ఇరుసు విరిగి యాభై మందికి పైగా చచ్చిపోయినారు. తర్వాత జర్మనీలో వోలర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఒక్కసారికి సులువుగా మోసే బరువే లక్షలసార్లు పడితే ఉక్కు విరుగుతుందని తేల్చినాడు. నూటయాభై ఏళ్లు దాటినా మా ఫోర్‌మన్ దాకా ఆ కబురు రాలేదు!

ఇంజినీరు చూసి ఒప్పుకున్నాడు. కొత్త షాఫ్ట్ మూల గుండ్రంగా తిప్పించి తెచ్చినారు. పిల్లోడి జీతంలో కోసిన దుడ్లు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

మన పక్క నుంచి ఐటీఐ చేసి వచ్చే పిల్లోళ్లకు ఒక మాట. ఏదైనా తెగినప్పుడు ఆ రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూడొద్దు, గీతలు నలిగిపోతాయి. వైర్ బ్రష్‌తో రుద్దొద్దు. ఫోన్లో ఫొటోలు తీసి, తుప్పు పట్టకుండా నూనె పూసి, గుడ్డలో చుట్టి పెట్టుకోండి. స్క్రాప్ బండి రాకముందే.