రొయ్యలు పడని ఒంటికి భయం తోడైతే

ఒక ఆహారం తిని ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చిన మనిషికి, ఆ తరువాత కంచం ముందు కూర్చోవడమే ఒక పరీక్ష అవుతుంది. ఒంట్లో ఏ చిన్న మార్పు కనిపించినా, అది నిజంగా అలర్జీయా లేక అలర్జీ వస్తుందేమోనన్న బెంగా అన్న ప్రశ్న మొదలవుతుంది. రెండింటిలోనూ గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందనట్టుంటుంది, ఒళ్లంతా చెమట పడుతుంది. లోపల ఎలా అనిపిస్తోందన్న దాన్ని మాత్రమే నమ్ముకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదని, పక్కనున్నవాళ్లకు కనిపించేవాటిని, గడియారాన్ని సాక్ష్యంగా పిలవాలని నేను నెమ్మదిగా నేర్చుకున్నాను.

మాది భీమవరం ప్రాంతం. ఊరి చుట్టూ చెరువులు, ఇంట్లో చింతచిగురు రొయ్యలు, గోంగూర రొయ్యలు. అవి తినే పెరిగాను. అలాంటిది పెద్దయ్యాక, ఒక పెళ్లి భోజనంలో రొయ్యల వేపుడు తిన్న కాసేపటికే అరచేతుల్లో దురద మొదలై, పొట్ట మీదా మెడ మీదా దద్దుర్లు లేచి, పై పెదవి ఉబ్బి, చివరికి ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయి. తొడకు అడ్రినలిన్ ఇంజక్షన్ చేశాక గానీ తేరుకోలేదు. ఇన్నేళ్లూ తిన్నది ఇప్పుడెందుకు పడదని మా అత్తయ్యగారు చాలాకాలం నమ్మలేదు గానీ, రొయ్యలు, పీతల అలర్జీ పెద్ద వయసులో మొదలుకావడం అరుదేమీ కాదు.

ఆ తరువాత నన్ను వేధించినవి రొయ్యలు కావు. హోటల్లో ఇడ్లీ తింటున్నా గొంతు బిగుసుకున్నట్టు, పెదవుల చుట్టూ చిమచిమలాడినట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు అనిపించేది. దీనికి కారణం శరీరశాస్త్రంలోనే ఉంది. భయపడినప్పుడు మనకు తెలియకుండానే గబగబా ఊపిరి పీలుస్తాం. దానితో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, రక్తం కొద్దిగా క్షారగుణం వైపు మళ్లుతుంది, నరాల పనికి అందుబాటులో ఉండే కాల్షియం కూడా తగ్గుతుంది. ఫలితంగా మూతి చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి, తల తేలిపోవడం, ఒక్కోసారి చేతివేళ్లు కొంకర్లు పోవడం జరుగుతాయి. అంటే అది వట్టి భ్రమ అనడానికి వీల్లేదు. లక్షణం నిజమే, దాని మూలం మాత్రం కంచంలో లేదు. అందుకే "అంతా నీ ఊహే" అనే సలహా మంచి మనసుతో ఇచ్చినా పనిచేయదు.

తేడాలు చూడబోతే, అలర్జీలో పెదవులకూ నోటికీ వచ్చేది ముఖ్యంగా దురద, దాని వెంటే వాపు. భయంలో వచ్చేది తిమ్మిరి, అద్దంలో చూసుకుంటే పెదవి ఎప్పటిలాగే ఉంటుంది. భయంతో గొంతులో ఉండ అడ్డుపడినట్టు అనిపించినా, మంచినీళ్లు తాగితే దిగుతాయి, మాట మామూలుగా వస్తుంది. అలర్జీతో గొంతు వాచినప్పుడు స్వరం బొంగురుపోతుంది, మింగడం కష్టమై లాలాజలం నోట్లోనే నిలుస్తుంది. భయంలో ఊపిరి ఎంత పీల్చినా చాలలేదనిపిస్తుంది; అలర్జీలో పిల్లికూతలు, ఆగని దగ్గు పక్కవారికి కూడా వినిపిస్తాయి. ఉబ్బెత్తుగా లేచి, దురదపెడుతూ, ఒకచోట అణిగి మరోచోట పైకొచ్చే దద్దుర్లు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ముఖం ఎర్రబడటం మాత్రం రెండింటిలోనూ ఉంటుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

కాలం మరో సాక్షి. ఆహార అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు బయటపడి, తరచుగా ఒక చోట మొదలై మరో చోటికి పాకుతుంది: ఉదాహరణకు చర్మం, తరువాత కడుపు, తరువాత ఊపిరితిత్తులు. భయం సుమారు పది నిమిషాల్లో శిఖరానికి చేరి, చాలావరకు అరగంటలో సద్దుమణుగుతుంది. పైగా అది ముద్ద నోట్లో పెట్టకముందే, మెనూ చేతికి రాగానే కూడా మొదలుకాగలదు; తినని పదార్థానికి అలర్జీ వచ్చిందంటే సందేహించాల్సిందే. అయితే ఉడుకుతున్న రొయ్యల ఆవిరిలో వాటి ప్రోటీన్ తేలివచ్చి కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనిచేసేవారిలో ఇది తెలిసిన సమస్యే.

ఇదంతా చదివి ఎవరూ తమకు తామే "ఇది భయమే" అని తీర్పు ఇచ్చేసుకోకూడదు. తీవ్రమైన అలర్జీలో, అంటే అనఫైలాక్సిస్‌లో, కొందరికి చర్మం మీద ఏ మచ్చా కనిపించదు. రక్తపోటు పడిపోవడమే మొదటి గుర్తు కావచ్చు. ఏదో ఘోరం జరగబోతోందన్న ఆందోళన కూడా ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. కాబట్టి తెలిసిన అలర్జీ ఉన్నవారు ఆ పదార్థం తిన్నారనడానికి ఆస్కారం ఉండి, ఊపిరి, గొంతు, స్పృహలలో ఏది దెబ్బతిన్నా, సందేహాన్ని అలర్జీ ఖాతాలోనే వేసి అడ్రినలిన్ తీసుకోవాలి, ఆసుపత్రికి వెళ్లాలి. భయాన్ని అలర్జీ అనుకుని ఆ ఇంజక్షన్ చేస్తే ఆరోగ్యవంతులకు సాధారణంగా కాసేపు దడ, వణుకు వస్తాయి. అలర్జీని భయమనుకుని ఊరుకుంటే ప్రాణం పోవచ్చు. సిట్రిజిన్ మాత్ర దురద తగ్గిస్తుందే తప్ప ఊపిరినీ రక్తపోటునూ కాపాడలేదు. కాగితపు సంచిలో ఊపిరి పీల్చే చిట్కా జోలికి అసలు వెళ్లొద్దు. సమస్య ఊపిరితిత్తులదైతే అది మరింత ముప్పు.

నా భయంలో సగం, హద్దు తెలియకపోవడం వల్ల వచ్చింది. రొయ్యలు పడకపోతే చేపలూ పడవేమోనని రెండూ మానేశాను. రొయ్యల్లో ప్రధానంగా అలర్జీ కలిగించేది ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. అది వండినా చెడదు. పీతల్లోనూ, ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ దాని పోలికలున్నాయి. చేపల అలర్జీకి కారణమైన పార్వాల్బ్యుమిన్ వేరే ప్రోటీన్. దుమ్ము అలర్జీ ఉన్న మా అక్కకు చర్మ పరీక్షలో రొయ్యలు పాజిటివ్ అని వచ్చింది, ఆవిడ మాత్రం హాయిగా తింటుంది. పరీక్షలో పాజిటివ్ రావడం వేరు, తింటే ఒంటికి పడకపోవడం వేరు. వందల ఆహారాలకు ఒకేసారి ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) పరీక్ష చేసి ఇచ్చే పొడవాటి జాబితాలకైతే అలర్జీ నిర్ధారణలో విలువే లేదు. అవి భయస్తుల చేతిలో పడితే కంచంలో అన్నం తప్ప ఏమీ మిగలదు.

చేపల సంగతి తేల్చడానికి అలర్జీ నిపుణురాలు ఆసుపత్రిలోనే తినిపించి చూశారు. ఉప్పు వేసి ఉడికించిన బొచ్చె చేప, గోరంత ముక్కతో మొదలుపెట్టి, మధ్యలో విరామమిస్తూ, మోతాదు పెంచుతూ పోయారు. మొదటి ముక్కకే నా పెదవులు చిమచిమలాడాయి, వేళ్లు చల్లబడ్డాయి. ఆవిడ కంగారు పడకుండా నాలుక, పెదవి, చేతులు చూసి, గుండె చప్పుడు విని, రక్తపోటూ ఆక్సిజనూ కొలిచారు. గుండె వేగం తప్ప అన్నీ మామూలుగా ఉన్నాయి. "మీ చేతి వైపు చూడండి, ఒక్క దద్దురైనా ఉందా?" అని అడిగి, నెమ్మదిగా ఊపిరి వదలమన్నారు. చిమచిమ తగ్గాక రెండో ముక్క ఇచ్చారు. చివరికి మామూలుగా తినేంత చేప తిన్నాను, ఏమీ కాలేదు. ఎన్ని మాటలు చెప్పినా రాని ధైర్యం ఆ పూట వచ్చింది. అలాంటి పరీక్ష ఇంట్లో సొంతంగా చేసుకునేది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు బయట తినేటప్పుడు ఏదైనా తేడా అనిపిస్తే ముందు మావారికి చెబుతాను. ఆయన నా ముఖం, మెడ, చేతులు చూస్తారు, టైము చూసుకుంటారు. నేను నీళ్లు తాగి, నాలుగు మాటలు బయటికి మాట్లాడతాను. తిన్నది, మొదలైన సమయం, కనిపించినవి రాసుకుంటాం, దద్దురు ఉంటే ఫోటో తీస్తాం. ఒంటరిగా బాత్‌రూమ్‌లోకి వెళ్లి కూర్చోవడం మానేశాను, ఎందుకంటే నిజంగా అలర్జీ అయితే అక్కడ నన్ను చూసేవారుండరు. అయినా భయం తగ్గక, తినే పదార్థాలు తగ్గిపోతూ బరువు కూడా తగ్గుతున్నవారు అలర్జీ డాక్టరుతో పాటు మానసిక వైద్యులను కూడా కలవడం మంచిది. భయపడే ఆహారాన్ని మెట్టు మెట్టుగా దగ్గర చేసే చికిత్సలున్నాయి.

కొన్ని జాగ్రత్తలను మాత్రం భయం కింద జమకట్టను. మా వైపు వంకాయ కూరలోనూ సొరకాయ కూరలోనూ ఎండు రొయ్యలు వేస్తారు, పొడి చేసి కలిపితే కంటికి కనబడవు కూడా. అందుకే చుట్టాలింట్లోనైనా అడిగే తింటాను. ప్యాకెట్ల మీద రొయ్య జాతి పదార్థాలున్నాయని ప్రకటించాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నియమాలు చెబుతున్నాయి కనుక ఆ వరుస చదువుతాను. చేప ఇంట్లో వండుకుని తింటాను, బయట చేపల వేపుడు మాత్రం తినను: చాలాచోట్ల రొయ్యలు వేగిన మూకుడులోనే, అదే నూనెలో వాటినీ వేయిస్తారు.