పాత బేస్ గిటార్‌తో పాటు ఇవ్వవలసిన పొట్లం

నాలుగేళ్ల కిందట ఆషాఢ మాసంలో ఒంగోలులో, లోతైన స్వరాలు పలికే బేస్ గిటార్ ఒకటి పాతది కొన్నాను. ఆషాఢమని గుర్తుండటానికి కారణం ఉంది. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆర్కెస్ట్రాల మీద బతికేవారికి ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పెళ్లిళ్లు ఉండవు, రిసెప్షన్లు ఉండవు, చేతిలో డబ్బు ఆడదు. అందువల్ల ఇంట్లో మూల పడి ఉన్న వాద్యాలు ఆ రోజుల్లోనే ఎక్కువగా అమ్మకానికి వస్తాయి. అదే నవంబరులో వెతికితే, క్రిస్మస్ కార్యక్రమాలకు సిద్ధమయ్యే చర్చి బృందాల పిల్లలు అప్పటికే నాలుగు చోట్ల అడిగి ఉంటారు కనుక అమ్మేవారు ధర దిగరు.

అమ్మిన పెద్దాయన చాలా కాలం ఆర్కెస్ట్రాలో బేస్ వాయించిన మనిషి. కీబోర్డు వాయించేవారు ఎడమ చేత్తోనే బేస్ కూడా లాగించేయడం, ఆ తరువాత ట్రాకుల మీద పాడే కచేరీలు పెరగడం వల్ల ఆయనకు పిలుపులు తగ్గిపోయాయి. "ఇరవై ఏళ్లు దీంతోనే పిల్లల్ని చదివించాను బాబూ. ఇప్పుడు బేస్ పెన్‌డ్రైవులోనే వస్తా ఉంది, ఇంక నాతో ఏం పని?" అని ఆయన గిటార్‌ను పాత దుప్పటిలోంచి బయటికి తీశారు. పద్నాలుగు వేలు చెప్పారు, పదకొండున్నర వేలకు కుదిరింది. అటువంటి మనిషి దగ్గర అంతకన్నా తగ్గించి అడగడానికి నాకు నోరు రాలేదు.

అది జాజ్ బేస్ నమూనాలో చేసిన నాలుగు తీగల గిటార్. అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌నూ, 1960లో జాజ్ బేస్‌నూ విడుదల చేసిన తరువాత వచ్చిన బేస్ గిటార్లలో చాలా వాటికి ఆ రెండే మూలరూపాలు. జాజ్ బేస్‌కు తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు రెండు, వాల్యూము నాబ్‌లు రెండు, టోన్ నాబ్ ఒకటి ఉంటాయి. తీగలో మోగే భాగం పొడవు 34 అంగుళాలు. మెడను నాలుగు మరలతో బిగిస్తారు కాబట్టి విప్పి ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఫెండర్ స్వయంగా రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. ఈ వాద్యం లోపలి వైరింగ్ పాత రేడియో టోన్ కంట్రోల్‌ను పోలి ఉంటుందని తెలిశాక, విప్పి చూడాలంటే ఉన్న భయం నాకు చాలావరకు పోయింది.

కొనేటప్పుడు నేను చూడవలసినవి కొన్ని చూశాను. మెడను కంటికి ఎదురుగా పట్టుకుని మెలిక ఉందేమో గమనించాను. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలే ఫ్రెట్లు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి ఉంచితే ఏడు, ఎనిమిది ఫ్రెట్ల మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సన్నని సందు కనిపించాలి. అది సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే మెడ బాగున్నట్టు. మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ముందు పావు చుట్టు వదులు చేసి, తరువాత బిగించి, రెండు వైపులా కదులుతున్నదని రూఢి చేసుకున్నాను. బిగించడానికి ఇక చోటే మిగలని రాడ్ ఉన్న గిటార్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదని నా అభిప్రాయం. అయితే ఆ ఇంట్లో ఆంప్లిఫయర్ లేదు. శబ్దం వినకుండానే డబ్బు ఇచ్చి వచ్చాను. ఆ తప్పు పూర్తిగా నాది.

నెల్లూరు తెచ్చి ఆంప్‌కు తగిలించగానే హమ్ మొదలైంది. ఒక్క కాయిల్ ఉండే పికప్‌కు కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద కొంత సహజం. జాజ్ బేస్‌లో సాధారణంగా రెండు పికప్‌లనూ ఒకదానికి వ్యతిరేక దిశలో ఇంకొకటి చుడతారు కాబట్టి, రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే ఆ రొద చాలావరకు అణగిపోతుంది. నా గిటార్‌లో అణగలేదు. ఇంకొక సంగతి కూడా గమనించాను. మామూలుగా తీగల మీద చెయ్యి వేయగానే హమ్ తగ్గాలి. ఇక్కడ తీగలను ముట్టుకుంటే ఏ మార్పూ లేదు, ఆంప్ వైరు దూర్చే జాక్ చుట్టూ ఉన్న లోహపు రింగును ముట్టుకుంటే మాత్రం తగ్గుతోంది. తీగల కింది కొసలను పట్టి ఉంచే బ్రిడ్జ్ నుంచి లోపలికి వెళ్లే గ్రౌండ్ తీగ ఎక్కడో తెగిందని దాని అర్థం.

కంట్రోల్ ప్లేట్ మరలు తీసి చూసినప్పుడు నిజంగా బాధ కలిగింది. ఎవరో ఎప్పుడో ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) పెట్టాలనుకుని తొమ్మిది వోల్టుల బ్యాటరీ పట్టేందుకు లోపలి చెక్కను ఉలితో తొలిచారు. అంచులు పేళ్లు లేచి ఉన్నాయి, ఒక మూల గోడ గోరంత మందం మాత్రమే మిగిలింది. బ్రిడ్జ్ గ్రౌండ్ తీగ ఆ ఉలి దెబ్బకే తెగి, దాని మొన నల్లబడి చెక్క రంధ్రంలో కనిపిస్తోంది. తరువాత ఆ ప్రీయాంప్‌ను తీసి వేరుగా అమ్ముకున్నట్టున్నారు. మిగిలిన తీగలను సోల్డరింగ్ లేకుండా మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశారు. టోన్ నాబ్ కింద ఉండే పాట్‌కు (తిప్పితే నిరోధం మారే భాగానికి) ఉన్న కెపాసిటర్ మీద 104 అని ఉంది, అంటే 0.1 మైక్రోఫారడ్. జాజ్ బేస్‌కు మామూలుగా వేసేది 473, అంటే 0.047. టోన్ కొద్దిగా తగ్గించగానే స్వరం మొత్తం దుప్పటి కప్పినట్టు మూసుకుపోవడానికి కారణం అదే.

పెద్దాయనకు ఫోన్ చేసి అడిగాను, నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవడానికి. లోపల అలా ఉందని ఆయనకు తెలియదట. కొన్ననాటి నుంచీ ఎన్నడూ విప్పి చూడలేదట. ఆయనకు ఇచ్చినవారు చెప్పలేదు, వారికి ఇచ్చినవారు చెప్పి ఉండరు. మన వైపు ఒక మంచి బేస్ గిటార్ చేతులు మారుతూ ఒంగోలు నుంచి కావలి, కావలి నుంచి గూడూరు అలా తిరుగుతూనే ఉంటుంది. కొత్తది కొనే స్తోమత లేని కుర్రవాడి దగ్గరికి చివరికి చేరేది ఇటువంటి గిటారే. అందుకే, తిరిగి మామూలు స్థితికి తేలేని పని ఏదీ దానికి చేయకూడదనీ, చేసిన ప్రతి మార్పునూ తరువాతి మనిషికి కాగితం మీద రాసి ఇవ్వాలనీ ఆ రోజు నిర్ణయించుకున్నాను.

బాగుచేయడంలో మా వీధి చివర టీవీలు, రేడియోలు రిపేరు చేసే ఒక పెద్ద మెకానిక్ సహాయం తీసుకున్నాను. ఆయనకు బేస్ గిటార్ కొత్త, సోల్డరింగ్ మాత్రం చేతి మీది పని. పాట్ వీపు మీద గ్రౌండ్ తీగ అతికించాలంటే ముందు ఆ లోహాన్ని గీరి, దాన్నే వేడి చేయాలి. వేడెక్కని లోహం మీద సీసం బొట్టు కూర్చుంటుందే గాని అతుక్కోదు. "మెరస్తా ఉండాలబ్బయ్యా. ముద్దగా, తెల్లగా ఉంటే అది అతుకు కాదు" అని ఆయన నా మొదటి మూడు అతుకులనూ విప్పించారు. బ్రిడ్జ్ అయిదు మరలనూ విప్పి, పాత రంధ్రం గుండా కొత్త తీగ దూర్చి, మొనను బ్రిడ్జ్ కింద పరిచి మళ్లీ బిగించాము. సముద్రపు గాలికి బ్రిడ్జ్ మీద తీగలు ఆనే జీనుల మరలు తుప్పు పట్టి కదలలేదు. ఒక్కొక్కదానికీ కుట్టు మిషను నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లవారికి కదిలాయి. బలవంతంగా తిప్పి ఉంటే ఆలెన్ కీ పట్టే గుంట అరిగిపోయేది.

తరువాత లోపలి గుంట మొత్తానికి రాగి రేకు టేపు అంటించాను. రేకు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు పరచి, ప్రతి అతుకు దగ్గరా ఒక చుక్క సోల్డర్ వేసి, ఆ రేకును గ్రౌండ్‌కు కలపాలి. టేపు జిగురు కరెంటును సరిగా పోనివ్వకపోవచ్చు కనుక ఆ చుక్కలు మానకూడదు. జాక్ మొన, పాట్ల కాళ్లు రేకుకు తగలకుండా చూసుకోవాలి. తగిలితే శబ్దమే రాదు. గరగరలాడుతున్న పాట్లను తీసి మూడూ 250 కిలో ఓములవి కొత్తవి వేశాను, కెపాసిటర్‌ను 473కు మార్చాను. దీనికంతటికీ వెయ్యి రూపాయలు దాటలేదు. ఆ రాత్రి రెండు వాల్యూములూ తెరిచి, ఆంప్ శబ్దం పెంచి, తీగ మీటకుండా కాసేపు ఊరికే కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అప్పుడు అన్నిటికన్నా లావు తీగను మీటితే, 41 హెర్ట్జ్ ఆ స్వరం కుర్చీ కాళ్లలోకి దిగింది.

గ్రౌండ్ గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. తీగలు బ్రిడ్జ్ ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. తిరునాళ్లలో, పందిళ్లలో జనరేటరు కరెంటుకు ఎర్త్ లేకుండా తీగలు లాగినప్పుడు బేస్ తీగలకూ మైకు జాలీకీ మధ్య వోల్టేజి తేడా ఏర్పడి, పెదవి మైకుకు తగలగానే షాక్ కొడుతుంది. నాకు ఒకసారి కొట్టింది. అప్పటి నుంచి మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన తీగకూ ఇంకొక మొన మైకుకూ ఆనించి చూడకుండా ఏ వేదిక మీదా వాయించను. గ్రౌండ్ తీగ కత్తిరించేస్తే షాక్ ఉండదని కొందరు సలహా ఇస్తారు. బాగుచేయవలసింది వేదిక వైరింగ్‌ను.

తిరిగి సరిచేయలేని పనుల్లో మొదటిది చెక్క తొలచడం, రెండవది ఫ్రెట్లు పీకడం. పేరుమోసిన బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసి, ఆ చీలికలు పూడ్చి, పైన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూసిన 1962 నాటి జాజ్ బేస్ వాయించిన సంగతి విన్న ప్రతి కుర్రవాడికీ ఆ కోరిక పుడుతుంది. కోరికలో తప్పు లేదు. ఫ్రెట్లు లేని మెడ వేరుగా తెచ్చుకుని నాలుగు మరలతో బిగించుకోవచ్చు, పాత మెడను గుడ్డలో చుట్టి దాచుకోవచ్చు. అదే పని కటింగ్ ప్లేయరుతో చేస్తే, ఫ్రెట్ కింద రోజ్‌వుడ్ పలక పెచ్చులు లేచి, గిటార్ ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

ధర సంగతికి వస్తే, మార్పులకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. నేను తరువాత ఆరు వేలు పెట్టి మంచి పికప్‌లు తెప్పించి వేశాను. వాటితో కలిపి అమ్మకానికి పెడితే చూడవచ్చినవారంతా అవి లేనట్టే బేరం ఆడారు, పైగా "ఎందుకు మార్చావన్నా, పాతవి చెడిపోయినాయా?" అని అనుమానపడ్డారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. అప్పుడు పాత పికప్‌లనే మళ్లీ వేసి, కొత్తవాటిని వేరుగా అమ్మితే నాలుగు వేలు వచ్చాయి. తీసిన వస్తువును పారేయకుండా ఉంచడం వల్లే అది సాధ్యమైంది. పార్సెల్‌లో పంపడం నేను మానేశాను. ఒకసారి ఒక పార్సెల్ సంస్థ ద్వారా వచ్చిన గిటార్ తలభాగం విరిగి చేరింది. దూరమైనా మనిషి వచ్చి, వాయించి చూసి తీసుకువెళ్లడమే మంచిది.

ఒంగోలు గిటార్‌ను నిరుడు కందుకూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి అమ్మాను. చర్చిలో వాయిస్తాడు, డిగ్రీ చదువుతున్నాడు. డబ్బు మాట్లాడకముందే కంట్రోల్ ప్లేట్ విప్పి ఉలి తొలిచిన గుంటను చూపించాను. టార్చి వేసి చాలాసేపు చూశాడు. "దీనివల్ల శబ్దం పోతాదా అన్నా?" అన్నాడు. శబ్దం పోదనీ, గోడ పలచగా ఉన్న మూల దెబ్బ తగలకుండా చూసుకోవాలనీ, నువ్వు ఎప్పుడైనా ప్రీయాంప్ పెట్టుకుంటే బ్యాటరీ అందులోనే పడుతుంది కాబట్టి ఇంకెక్కడా తొలచనక్కర లేదనీ చెప్పాను. పదివేలకు ఇచ్చాను. గిటార్‌తో పాటు ఒక పొట్లం ఇచ్చాను. అందులో పాత పాట్లు మూడు, 104 కెపాసిటర్, ట్రస్ రాడ్ కీ, ఏ తీగ ఎక్కడికి వెళుతుందో గీసిన బొమ్మ, ఏ నెలలో ఏం మార్చానో రాసిన ఒక కాగితం ఉన్నాయి.

ఈ రోహిణి కార్తెలో ఫోన్ చేశాడు. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగలు జరజరలాడుతున్నాయట. ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడమన్నాను. తీగ ఫ్రెట్‌కు ఆనుకునే ఉందన్నాడు. ఎండకు మెడ వెనక్కి వంగినట్టుందని, రాడ్‌ను ఎడమ వైపుకు పావు చుట్టు తిప్పి, ఒక రాత్రి ఆగి మళ్లీ చూడమన్నాను. మరునాడు సాయంత్రం సందు వచ్చిందని, జరజర పోయిందని చెప్పాడు. పెట్టేసే ముందు, ఆ కాగితంలో నా రాత కింద ఈ తేదీ వేసి తాను కూడా రాసిపెట్టానన్నాడు.