నగను తిప్పి చూడాలి

కార్తీక సోమవారం, టీ నగర్.

తెల్లారినప్పటి నుంచీ సన్నటి జల్లు. పానగల్ పార్కు దగ్గర నీళ్లు నిలిచాయి. ఉపవాసాల రోజు కాబట్టి పొద్దున నగల కౌంటరు దగ్గర పెద్దగా సందడి లేదు. పదకొండింటికి నెల్లూరు నుంచి ఒక కుటుంబం దిగింది. పెళ్లికూతురు, వాళ్లమ్మ, అమ్మమ్మ. మాఘంలో ముహూర్తం. ఇప్పుడు రావడం మంచిదయింది. నక్షీ పని (రేకు మీద బొమ్మలు తేల్చే పని) ఆర్డరు పెడితే నెల దాటుతుంది, నడుముకో చేతికో సరిపోక సరిచేయించాలంటే ఇంకో పది రోజులు.

కూర్చోగానే వాళ్లమ్మగారు అన్నది ఒకటే: "మగపెళ్లివాళ్లు పదిహేను తులాలు పెడుతున్నారమ్మా, మేమూ అంతే పెట్టాలనుకుంటున్నాం." అబ్బాయివాళ్లది హైదరాబాదు. నెల్లూరులో లెక్క సవర్లలో. ఇక్కడ చెన్నైలోనూ అంతే, సవర అంటే 8 గ్రాములు. తులం అంటే ఇప్పుడు వ్యాపారంలో 10 గ్రాములు. పదిహేను తులాలంటే 150 గ్రాములు, పదిహేను సవర్లంటే 120. ఈ ముప్పై గ్రాముల తేడా దగ్గరే రెండు ఇళ్ల మధ్య మాటలు పుడతాయి. పాత తులమైతే 11.66 గ్రాములు, అమ్మమ్మ మనసులో ఉన్నది ఆ తులం. అందుకని కాగితం మీద సవర, తులం రెండూ కొట్టేసి గ్రాములే రాశాం.

అమ్మాయి చూపంతా వడ్డాణం మీదే. నడుముకి పెట్టి అద్దంలో చూసుకుంటే ఏ వడ్డాణమైనా బాగానే ఉంటుంది. తిప్పి చూస్తేనే సంగతి తెలుస్తుంది. ముందువైపు లక్ష్మీదేవి, నెమళ్లు, మామిడి పిందెలు. వెనకవైపు బిళ్లకీ బిళ్లకీ మధ్య కీళ్లు, కీళ్లలో సన్నటి తీగ, ఆ తీగ కొసలు. కొసను అతికి నున్నగా అరగదీశారా, ఊరికే వంచి వదిలేశారా? వంచి వదిలేసిన కొస కంటికి కనపడదు కానీ కంచిపట్టు జరీని ఇట్టే పట్టుకుంటుంది. డ్రాయరులో ఎప్పుడూ ఒక పాత పట్టు జాకెట్టు ముక్క ఉంటుంది. దాన్ని వడ్డాణం వెనక ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా లాగాలి. ఈ రోజు మూడో బిళ్ల దగ్గర చర్రుమని ఆగింది. గుడ్డ ఎత్తి చూస్తే, ఒక పోగు లేచి ఆవగింజంత తీగ మొనకి చుట్టుకుని ఉంది. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "పెళ్లిచీరకి పట్టుకునుంటే ఏం గాను" అంది.

ఇంకో పరీక్ష బొటనవేలితో. తక్కువ బరువులో పెద్దగా కనపడాలని రేకును పలచన చేస్తారు. మెల్లగా నొక్కితే లోపలికి దిగే రేకు వద్దు. ఒకసారి సొట్ట పడితే బొమ్మ ముక్కూ ముఖమూ పోతాయి. దాన్ని సరిచేయాలంటే మళ్లీ కాచి వెనక నుంచి కొట్టాలి, ఆ వేడికి పక్కనున్న రాళ్లు కూడా కదులుతాయి. డబ్బు బిగుతుగా ఉన్న ఇంటికి సూటిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. వడ్డాణం ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉండే నగ. దాన్ని వెండి మీద బంగారు పూతతో చేయించుకుని, ఆ గ్రాములు గాజుల్లోనూ గొలుసులోనూ పెట్టుకోండి. పలచటి బంగారు వడ్డాణం కంటే అది నూరు రెట్లు నయం.

వీళ్లు బంగారమే కావాలన్నారు. సరే, కొలత. చుడీదార్ మీద తీసే నడుము కొలతతో పని జరగదు. చీర కుచ్చిళ్లు దోపాకే నడుము అసలు చుట్టు తెలుస్తుంది. పట్టుచీర వెంట తెచ్చుకున్నారు, ఎంతో మేలు చేశారు. కట్టుకుని నిలబడితే 31 అంగుళాలు. పీట వేసి బాసింపట్టు వేయిస్తే 33. పెళ్లిలో గంటల తరబడి ఉండేది ఆ పీట మీదే కదా. 31కి చేయిస్తే గౌరీపూజ పూర్తయ్యేలోపే ఊపిరాడదు, 33కి చేయిస్తే లేచి నిలబడగానే జారుతుంది. పట్టీ 30 అంగుళాలు, వెనక 4 అంగుళాల గొలుసు, కొక్కెం ఏ వలయంలోనైనా పడేలా. చివరి అంగుళం రేపు పిల్లల తల్లి అయ్యాక పనికొస్తుంది.

దండచేతికి పెట్టే వంకీకి కూడా నిలబడి తీసే కొలత చాలదు. తలంబ్రాలప్పుడు చేతులు పైకి లేస్తాయి. వంకీ పెట్టి, రెండు చేతులూ తలకు పైన చాపి పదిసార్లు దించమన్నాం. నాలుగోసారికే మోచేతి దగ్గరికి జారింది. మర ఒక మెట్టు బిగిస్తే నిలిచింది కానీ కింద చిటికెనవేలు దూరే సందు లేదు. వేడికి చెయ్యి ఉబ్బుతుంది, సందు ఉండి తీరాలి. జాకెట్టు చేతి అంచు మీద పెట్టుకుంటారా, కింద చర్మం మీదా అన్నదీ ముందే తేల్చుకోవాలి. జరీ అంచు మందం కలిస్తే కొలతే మారుతుంది.

గాజులు త్వరగానే తెమిలాయి. రెండున్నాలుగు అంటే లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల మీద పదహారో వంతులు నాలుగు, అంటే 57 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండున్నారు 60.3, రెండున్నెనిమిది 63.5. మట్టిగాజులకి సరిపోయిన కొలత రాళ్ల కంకణానికి సరిపోదు. వెడల్పు కంకణం పిడికిలి మీద వంగదు, ఒక సైజు పెద్దది కావాలి. తెరిచి మూసే మర ఉన్నదైతే ఆ బాధ లేదు, కానీ ఆ మర శీలనే నెలకోసారి చూసుకోవాలి.

చెవి బుట్టలు ఎంచుకున్నాక అమ్మాయి మాటీలు (బుట్టని జుట్టుకి తగిలించే గొలుసులు) వద్దంది. పాతకాలంలా ఉంటుందట. మాటీ అందానికి పుట్టిన నగ కాదమ్మా, బుట్ట బరువుని జుట్టు మోసేందుకు పుట్టింది. అది లేకపోతే బరువంతా చెవి రంధ్రం మీదే పడి, సాయంత్రానికి రంధ్రం గీతలా సాగుతుంది. జత 20 గ్రాములు దాటితే మాటీ ఉండాల్సిందే. పెట్టి చూపించాక తనే తీయనివ్వలేదు.

బిల్లు దగ్గర చాలామంది మొహమాటపడతారు. అక్కర్లేదు. హారం మొత్తం బరువు 64.200 గ్రాములు. అందులో కెంపులు, పచ్చలు, ముత్యాలు 9.350. బంగారం 54.850. తరుగు, అంటే పనిలో పోయే బంగారానికి కట్టే లెక్క, 14 శాతం. చెన్నైలో దీన్నే సేదారం అంటారు, కూలీ విడిగా వేస్తే సెయ్‌కూలి. 54.850 మీద 14 శాతం అంటే 7.679 గ్రాములు. అదే మొత్తం బరువు మీద వేస్తే 8.988. 1.309 గ్రాముల తేడా, రాళ్లకి బంగారపు తరుగు కట్టినట్టు. కాబట్టి బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు మూడూ విడివిడిగా రాయించుకోవాలి. జీఎస్టీ 3 శాతం ఆ తర్వాత. రాళ్లకి క్యారెట్ల లెక్కన ధర వేస్తే, గ్రాముకి అయిదు క్యారెట్లు అని గుర్తుంచుకుంటే చాలు.

ముద్ర కూడా వెనకే ఉంటుంది. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) త్రికోణం, 22కే916 (22 క్యారెట్లు, వెయ్యికి 916 పాళ్లు బంగారం), ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరింటి సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛతతో పాటు అది ఏ రకం నగో కూడా వస్తుంది. చేతిలో హారం పెట్టుకుని యాప్‌లో ఉంగరం అని కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. రాళ్లు పొదిగే కుందన్, పోల్కీ, జడావు పని నగలకి, 2 గ్రాముల లోపు వాటికి ఈ ముద్ర తప్పనిసరి కాదు. పెళ్లి నగల్లో ఖరీదైన జడావూ, అన్నిటికన్నా ముఖ్యమైన పుస్తెలూ (2 గ్రాముల లోపైతే) ఈ మినహాయింపులోకే వచ్చేస్తాయి. జడావులో రాళ్ల కింద లక్క ఉంటుంది, తూకంలో అదీ కలుస్తుంది. కాబట్టి ఎంత బంగారం, ఏ స్వచ్ఛత, దుకాణం తిరిగి కొనేటప్పుడు దేనికి ధర కడతారు అన్నది బిల్లు మీదే రాయించుకోవాలి. నోటిమాట పనికిరాదు. పుస్తెలకైతే పసుపుతాడు దూరే రంధ్రం అంచుని గోటితో తడిమి చూడండి. పదునుగా ఉంటే పదహారు రోజుల పండగ దాకా కూడా తాడు నిలవదు.

భోజనాల తర్వాత ఒక పాపిటబిళ్ల వచ్చింది, కిందటి నెల పెళ్లిది. కెంపుల్లో నాలుగు నల్లబడ్డాయి. వెనక కొక్కెం దగ్గర గోధుమరంగు జిగురు, అందులో ఒక జీలకర్ర గింజ. చూడగానే అర్థమయింది. జీలకర్రబెల్లం తమలపాకు మీంచి కారి బిళ్ల వెనక్కి దిగింది. ఇంటికెళ్లాక వాళ్లు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టారు. శుభ్రం చేద్దామనే చేశారు, పాపం, కానీ నగ పాడైంది బెల్లంతో కంటే ఆ నీళ్లతోనే. ఇలాంటి నగలో కెంపు రాయి కింద పలుచని రేకు ఉంటుంది, ఆ మెరుపంతా దానిదే. వెనక మూసిన గూట్లోకి నీరు దిగితే బయటికి దారి లేదు, రేకు నల్లబడుతుంది. ఇక తుడిస్తే పోయేది కాదు. కంసాలి ఆచారిగారు రాళ్లు ఊడదీసి, కొత్త రేకు వేసి, మళ్లీ కూర్చాలి.

ఇలాంటి బిళ్లకి బెల్లం అంటితే చేయాల్సింది ఇది. దూదిపుల్లని నీళ్లలో ముంచి, పొడిగుడ్డలో పిండి, దాదాపు ఆరినట్టు అయ్యాక లోహం మీద మాత్రమే తుడవాలి, రాయి అంచు జోలికి పోకూడదు. సందుల్లోది పళ్లపుల్లతో తీయాలి, గుండుసూదితో వద్దు. తర్వాత ఫ్యాను కింద ఒక పూట. ఎండ వద్దు, జుట్టు ఆరబెట్టే మిషను అసలే వద్దు, వేడికి లక్క మెత్తబడి రాయి కుంగుతుంది. అసలు ముహూర్తం వేళకి తల మీద ఉన్నవాటిలో రాగిడి (తల వెనక జడ మొదట్లో పెట్టే బిళ్ల) తీసి పక్కన పెట్టి, జీలకర్రబెల్లం అయ్యాక పెడితే సరిపోతుంది. తమలపాకు అరచేయంత పెద్దది కావాలని ముందే చెప్పి ఉంచండి.

రాళ్లు లేని బంగారానికి మాత్రం కుంకుడుకాయని మించింది లేదు. ఎనిమిది కాయలు గింజ తీసి, రెండు గ్లాసుల వేడినీళ్లలో అరగంట నానేసి, పిసికి వడకట్టి, చెయ్యి ఓర్చుకునే వెచ్చదనంలో నగ పావుగంట ఉంచాలి. చిన్నపిల్లల బ్రష్షుతో వెనక నుంచి ముందుకి రుద్దాలి, ఎందుకంటే చందనం, పసుపు గట్టిపడి కూర్చునేది నక్షీ వెనక గుంటల్లోనే. కుళాయి కింద కడగొద్దు, గిన్నెలో జాడించి, ఆ నీళ్లు గుడ్డలో వడకట్టాకే పారబోయాలి. వదులైన చువ్వో పూసో ఉంటే గుడ్డలో మిగులుతుంది. దుకాణంలో పాలిష్‌కి ఇస్తే ముందూ వెనకా కళ్లెదుట తూకం వేయించుకోవాలి. వీధిలోకి వచ్చి మెరుగు పెడతామనే వాళ్లకి ఎప్పుడూ ఇవ్వకండి. వాళ్ల ద్రావకంలో బంగారమే కరుగుతుంది.

ముత్యాలు వేరే జాతి. పులుపు వాటికి శత్రువు. చెమట, సెంటు, నిమ్మకాయ, చింతపండు అన్నీ పైపొరని తినేస్తాయి. సెంటు, జుట్టుకి కొట్టే స్ప్రే అన్నీ అయ్యాకే ముత్యాలు మెడలోకి రావాలి, తీసేటప్పుడు మొదట అవే తీయాలి. తలంబ్రాల పసుపు అంటితే ఆ రాత్రే తడిగుడ్డతో తుడవాలి, తెల్లారితే మరక నిలిచిపోతుంది. గుత్తపూసల హారానికి ఒక పని తప్పకుండా చేయండి: ముత్యాలు లెక్కపెట్టి సంఖ్య పెట్టె మూత లోపల రాసుకోండి. ఒక్కొక్కటీ సన్నటి తీగకి వేలాడుతుంది, ఏ తీగ తెరుచుకుని ఎక్కడ రాలిందో ఎవరికీ తెలియదు. ముత్యాలకీ, పగడాలకీ, పచ్చలకీ అల్ట్రాసోనిక్ శుభ్రం చేయించకూడదు. పచ్చల పగుళ్లలో నింపిన నూనె దాంతో బయటికొచ్చేసి, రాయి వెలవెలబోతుంది.

దాచడం సంగతి. ఈ ఊరి తేమకి వెల్వెట్ పెట్టెలు తడి పట్టేస్తాయి. ఒక్కో నగనీ ఉతికిన మల్లుగుడ్డలో విడిగా చుట్టాలి. వెండి మీద పూత నగలకి మాత్రం జిప్ కవరు, అందులో సిలికా పొట్లం. ముత్యాల్ని ప్లాస్టిక్‌లో బిగించకూడదు. లాకరులో పెట్టే ముందు ప్రతి నగకీ ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి ఫోటో, పక్కన బిల్లు. 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది లాకరు అద్దెకి నూరు రెట్ల దాకానే, వరద లాంటి ప్రకృతి విపత్తుకి అదీ లేదు. చెన్నైలో ఉండేవాళ్లు నేలమాళిగ లాకరు తీసుకునే ముందు ఈ మాట గుర్తు చేసుకోవాలి. పెళ్లినగలకి విడిగా బీమా చేయించడం దండగ కాదు.

సాయంత్రం నెల్లూరువాళ్లు మళ్లీ వచ్చారు, వడ్డాణం ఖాయం చేయడానికి. ఆచారిగారికి వెళ్లిన చీటీలో ఉన్నది ఇది: పట్టీ 30, వెనక గొలుసు 4 అంగుళాలు. మధ్య బిళ్ల కొద్దిగా వంపుగా. కీళ్ల తీగ కొసలన్నీ అతికి అరగదీయాలి. చీటీకి ఆ పట్టు ముక్కని పిన్నుతో గుచ్చి పంపాం, పోగు లేచిన చోట ఎర్రసిరాతో చుట్టి.